కూడికలో అమ్మ చెప్పిన సాక్ష్యం

మా అమ్మ వైఫై రౌటర్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది. ఎగతాళికి చెప్పడం లేదు, కళ్ళారా చూశాను. సింగపూర్‌లో, సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్‌కి వచ్చిన మొదటి వారంలోనే లిఫ్టుకి, రైస్ కుక్కర్‌కి, డ్రైవరు లేకుండా దానంతటదే నడిచే ఎల్‌ఆర్‌టీ రైలుబండికి ప్రార్థనలు అయిపోయాయి. డ్రైవరు లేని బండి ఎక్కి కూడా ప్రార్థన చేయని మనిషి ఎంత మొండివాడై ఉండాలి అని ఆవిడ వాదన. ఆ ఒక్క విషయంలో నేనూ మనసులో ఆమెన్ అనుకున్నాను.

హాకర్ సెంటర్‌లో, అంటే తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే హాల్లో, భోజనం తెచ్చుకోవడానికి వెళ్ళేముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి 'చోప్' చేసుకోవాలని, అంటే చోటు పట్టుకోవాలని, మా అమ్మాయి అమ్మమ్మకి నేర్పింది. ఓ రోజు టిష్యూలు లేకపోతే అమ్మ తన నల్ల అట్ట బైబిలు పెట్టి వెళ్ళింది. మేం ప్లేట్లు పట్టుకుని వచ్చేసరికి మా టేబుల్ సరే, దాని పక్క టేబుళ్ళు కూడా ఖాళీ.

"చూశావా దేవుడి మహిమ!" అంది అమ్మ.

"మహిమ కాదు అమ్మమ్మా, అందరూ స్కేర్డ్ లా," అంది మా అమ్మాయి. దానికి పద్నాలుగేళ్ళు. ఇక్కడే పుట్టింది కాబట్టి ప్రతి మాట చివరా ఓ 'లా' తగిలిస్తుంది.

అప్పట్లో అమ్మమ్మా మనవరాలూ ఒక జట్టు, నేను అవతలి జట్టు. రోజూ పొద్దున పిల్ల స్కూలుకి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలో నిలబడి దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. పిల్ల ఒక కన్ను మూసుకుని రెండో కంటితో ఫోన్లో బస్సు ఎక్కడుందో చూసుకునేది. దేవుడికీ బస్సుకీ చెరో కన్ను పంచినందుకు నేను విసుక్కునేదాన్ని. అమ్మ మాత్రం ప్రార్థన ఆపేది కాదు.

అంతా ఆ రౌటర్ వల్ల చెడింది. ఒక సాయంత్రం అది చచ్చి ఊరుకుంది. అమ్మ దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. పచ్చ దీపాలు వెలిగాయి. "స్తోత్రం!" అని అమ్మ కేక పెట్టింది.

"నేను రీస్టార్ట్ చేశాను లా! గాడ్ చేశాడని ఎవిడెన్స్ ఏది?" అని పిల్ల మీదికొచ్చింది. ఆ రోజుల్లో స్కూల్లో ఏదో సైన్సు ప్రాజెక్టు చేస్తూ దానికి ఎవిడెన్స్ పిచ్చి పట్టింది. సాంబారులో ఉప్పు సరిపోయిందే అన్నా ఎవిడెన్స్ అడిగేది.

"మిషన్ హైస్కూల్లో జీవితమంతా సైన్సు చెప్పినదాన్ని. నాకే ఎవిడెన్స్ నేర్పుతావుటే, పొట్టి పిడుగా?"

"సైన్స్ టీచర్ అయ్యుండి రౌటర్‌కి ప్రేయర్ చేస్తావా? సో ఎంబరాసింగ్!"

మర్నాడు పొద్దున పిల్ల అమ్మ చేతి కిందనుంచి వంగి తప్పించుకుని లిఫ్టులోకి పారిపోయింది. అమ్మ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఏం చేయాలో తోచక ద్వారబంధం మీద లేని దుమ్ము తుడిచింది. తర్వాత రోజూ అదే వరస. పిల్ల వంగేది, అమ్మ దుమ్ము తుడిచేది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరిదీ ఒకే మొండితనం, మధ్యలో నన్ను దాటేసి దిగిన మొండితనం. అమ్మ తిరుగు ప్రయాణం దగ్గరపడింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఆవిడ విమానం ఎక్కేలోపు ఆ చెయ్యీ ఆ తలా ఒక్కసారి కలిస్తే చాలనుకున్నాను. అది తిట్టి చేయించే పని కాదని నాకూ తెలుసు.

ప్రయాణానికి ముందురోజు, శనివారం సాయంత్రం, మా ఇంట్లోనే ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. తెలుగు కుటుంబాలు కొన్ని వస్తాయి. పెద్దలు హాల్లో పాడతారు, తెలుగు సరిగ్గా రాని పిల్లలు గదిలో ఫోన్లు చూసుకుంటారు. మా ఆయన చాంగీ బిజినెస్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. లోకంలో ప్రతి కష్టానికీ ఒక యాప్ ఉంటుందని ఆయన విశ్వాసం, నా విశ్వాసం కంటే గట్టిది. మనం మాట్లాడే తెలుగుని అప్పటికప్పుడు ఇంగ్లీషు చేసే కృత్రిమ మేధ యాప్ ఒకటి టీవీకి తగిలించి పిల్లలందర్నీ హాల్లోకి పిలిచాడు.

"ఇది అంత్యదినాల గుర్తేమో, జాగ్రత్త," అన్నాడు కూడిక నడిపించే అంకుల్. ఆ వెంటనే, "నా ఫోన్లో పడుతుందా?" అని అడిగాడు.

అంకుల్ లేచి, "ఈ సాయంకాలపు కూడికకు అందరికీ వందనాలు," అన్నాడు. ఆ యాప్ కూడిక అంటే లెక్కల్లో కూడికే అనుకుంది. 'ఈవెనింగ్ అడిషన్' అని టీవీ మీద పడగానే పిల్లలు "మ్యాథ్సా?" అని హడలిపోయారు. ఊళ్ళో మా సంఘకాపరి గారి కోసం ప్రార్థిద్దాం అన్నాడు. పాపం ఆ పాస్టరుగారిని టీవీ 'యూనియన్ వాచ్‌మన్' చేసేసింది. దేవుడు ఈ ఏడాదంతా మనల్ని ఆదుకున్నాడు అంటే, దానికి 'ఆడుకున్నాడు' అని వినబడి, దేవుడు ఏడాదంతా మనతో ఆటలాడాడు అని రాసింది. పిల్లలు కిందపడి నవ్వారు. అప్పుల్లో ఉన్న ఒకాయన మాత్రం, "అది కరెక్టే రాసింది," అని గొణిగాడు.

అప్పుడు అంకుల్ అన్నాడు: "ఇప్పుడు అమ్మగారు తమ సాక్ష్యం చెబుతారు."

మనకి కూడికలో సాక్ష్యమంటే దేవుడు నా బతుకులో ఏం చేశాడో నిలబడి చెప్పడం. ఆ యాప్‌కి తెలిసింది కోర్టు సాక్ష్యమే. 'ఇప్పుడు అమ్మ ఎవిడెన్స్ చూపిస్తారు' అని ఇంగ్లీషులో ఇంతింత అక్షరాలు వేసింది.

"ఫైనల్లీ!" అంది మా అమ్మాయి, నిటారుగా కూర్చుని.

హాలంతా నవ్వింది. అమ్మ నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని టీవీ చదివింది. అలిగి కూర్చుండిపోతుందనుకున్నాను. ఆవిడ మనవరాలి వైపు తిరిగింది.

"సరే, ఎవిడెన్సే చెబుతాను. ముందు నాకు వ్యతిరేకంగా ఉన్నది చెప్పాలి కదా. మీ తాతయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను చెయ్యని ప్రార్థన లేదే. ఆయన బతకలేదు. అదీ సాక్ష్యమే. దాచను."

ఆ మాటల్ని టీవీ ఒక్క తప్పు లేకుండా రాసింది.

"ఆ తర్వాత నా చెయ్యి వణికేది. బోర్డు మీద రాయలేకపోయేదాన్ని. మందులు మింగాను, తగ్గలేదు. ఓ రోజు మీ అమ్మ స్కూలుకెళ్తుంటే దాని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. వణకడం ఆగింది. తీస్తే మళ్ళీ వణికింది. అప్పట్నించీ రోజూ పెట్టేదాన్ని. దేవుడు ఆపాడో, ఆ తల ఆపిందో నేను తేల్చలేదు. ఇంతకంటే నా దగ్గర లేదమ్మా."

నా చిన్నప్పుడు ఆ ప్రార్థనలన్నీ నా పరీక్షల కోసమనుకున్నాను. ఆవిడ ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

సరిగ్గా అప్పుడే ఆ దరిద్రపు యాప్ 'వణకడం'ని 'వండడం' చేసి, 'నా చెయ్యి వంట మానేసింది' అని రాసింది. పిల్లలు మళ్ళీ గొల్లుమన్నారు. మా అమ్మాయి నవ్వలేదు. నా కొంగు లాగి, "అమ్మా, వణకడం మీన్స్ వాట్?" అని అడిగింది. చూపిద్దామని చెయ్యి చాపాను. అది అప్పటికే వణుకుతోంది.

బిర్యానీ తిని అందరూ వెళ్ళారు. యాప్ కొత్తది కాబట్టి తప్పులు సహజమేనని మా ఆయన ప్రతి ఒక్కరికీ లిఫ్టు దాకా వెళ్ళి మరీ చెప్పాడు.

మర్నాడు బ్లాకు కింద టాక్సీ ఆగింది. పెట్టెలు ఎక్కించాం. అమ్మ ఈసారి చెయ్యి చాపలేదు. సన్నగా వణుకుతున్న రెండు చేతుల్తో హ్యాండ్‌బ్యాగు పట్టుకుని, "బాగా చదువుకో," అని మాత్రం అంది. పిల్ల వచ్చి ఆవిడ ముందు తల వంచి నిలబడింది.

"అమ్మమ్మా, హ్యాండ్."

"ఎందుకే? ఎవిడెన్స్ లేదన్నావుగా?"

"నాకు కాదు లా. నీ హ్యాండ్ కోసం."

అమ్మ బ్యాగు నా చేతిలో పడేసి దాని తల మీద చెయ్యి పెట్టింది. విమానానికీ, టాక్సీకీ, మా ఆయన యాప్‌కీ కూడా ప్రార్థన చేసింది. ఆలస్యమవుతున్నా నేను ఆపలేదు. పిల్ల ఎప్పట్లాగే ఒక కన్ను తెరిచే ఉంచింది. ఫోన్ మాత్రం జేబులో ఉంది. ఆ కంటితో పైకి, తన తల మీది చేతి వైపే చూస్తోంది.

"ఆగింది లా, అమ్మమ్మా," అంది మెల్లగా. "ఐ సా."