పెనుకొండలో మా యూజర్ గ్రూపు మీటింగు

హిందూపురంలో మా నాయన కిరాణా అంగడి మీద ఒక గది ఉంది. ఆ గదిలో కూర్చుని నేను బెంగళూరు కంపెనీకి కోడ్ రాస్తాను. కింద మిరపకాయల మూటలు దిగిన రోజు ఘాటు నేరుగా నా గదిలోకి వస్తుంది. ఆన్‌లైన్ మీటింగులో నేను తుమ్మీ తుమ్మీ కళ్ళు తుడుచుకుంటుంటే మా మేనేజరు, పాపం, రెండుసార్లు సెలవు తీసుకోమన్నాడు.

నా ఉద్యోగం గురించి నాయనకు పెద్ద అనుమానాలేమీ లేవు. ఆయనకు అంతుబట్టనివల్లా శని, ఆదివారాల్లో నేను చేసే ప్రయాణాలు. ఒకే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ళంతా ఊరూరా గుంపులుగా కలుసుకుంటారు. దాన్ని యూజర్ గ్రూపు అంటారు. ఒకరు నిలబడి తాను నేర్చుకున్నది చెప్తారు, మిగిలినవాళ్ళు విని ప్రశ్నలడుగుతారు, చివర్లో అందరూ సమోసాలు తింటారు. నేను బెంగళూరు, మైసూరు, పుణె పోయి మాట్లాడి వచ్చినాను. పుణెకు బయల్దేరేటప్పుడు నాయన త్రాసు ముందర నుంచి తలెత్తి అడిగినాడు.

"పోయి ఏం చేస్తారమ్మా ఆడ?"

"మేమంతా ఒకటే సాఫ్ట్‌వేర్ వాడతాం నాయనా. దాని గురించి మాట్లాడుకుంటాం."

ఆయన త్రాసులోని పప్పు వైపు చూసినాడు. "అంటే కందిపప్పు వాడేవాళ్ళంతా ఒకచోట కూడి కందిపప్పు గురించి మాట్లాడుకున్నట్లా?"

"దాదాపు అంతే."

"మరి అమ్మేవాణ్ణి పిలుస్తారా?"

"లేదు."

"అట్లయితే పోయిరా," అన్నాడు నిశ్చింతగా.

బెంగళూరు మీటింగుల్లో నాకొక స్నేహితుడు దొరికినాడు. ఎర్రమంచి దగ్గర ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాడు, ఉండేది పెనుకొండలో. ధర్మవరం నుంచి ఇంకో ముగ్గురు వచ్చేవాళ్ళు. ప్రతిసారీ బండెక్కి అంతదూరం పోయేదానికంటే మన దగ్గరే ఒకటి పెట్టుకుందామని అతనే అన్నాడు. హిందూపురానికీ ధర్మవరానికీ నడుమ ఉంది కాబట్టి పెనుకొండ అనుకున్నాం. ముహూర్తాలు లేని ఆదివారం చూసి ఒక కల్యాణ మండపం మేడ మీది భోజనాల హాలు మాట్లాడినాడు. మండపం యజమాని ఒక్క షరతు పెట్టినాడు: వాకిట్లో తెలుగులో ఫ్లెక్సీ కట్టాల. ఏ కార్యమూ లేకుండా జనం లోపలికి పోతూ ఉంటే ఊళ్ళో తనకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుందన్నాడు.

ఆ వారం నాకు ఆఫీసులో ఊపిరాడని పని. హిందూపురంలో ఫ్లెక్సీలు వేసే ఆయనకు మ్యాటరు ఇంగ్లీషులోనే వాట్సాప్‌లో పంపించి, మీరే తెలుగులో పెట్టేయండన్నాను. పెళ్ళి, పుట్టినరోజు, కన్నీటి నివాళి, ఏదైనా సరే చకచకా వేసే మనిషి. నా ప్రసంగం ఎర్రర్ హ్యాండ్లింగ్ గురించి. ప్రోగ్రాములో ఒకచోట తప్పు జరిగితే దాని సంగతి ఏ భాగం చూసుకోవాల అనేది విషయం. ఫ్లెక్సీ నాకు చూపించకుండానే బస్సులో పెనుకొండకు పోయింది, రెండు రోజుల ముందే మండపం యజమాని దాన్ని వాకిట్లో కట్టించినాడు.

ఆదివారం పొద్దున నేను పెనుకొండలో దిగి, మండపం ముందర నిలబడి తలెత్తి చూసినాను. "వినియోగదారుల సంఘం మహాసభ" అని పెద్ద ఎర్రక్షరాలు. దాని కింద "తప్పు జరిగితే బాధ్యులెవరు? రండి, తెలుసుకోండి!" ముఖ్యవక్త అని నా ఫొటో. ఆఫీసు గుర్తింపు కార్డులోంచి తీసిన ఆ ఫొటోకు ఎవరివో దండం పెట్టే చేతులు అతికించినాడు. ఆ చేతులకు మీసాలున్న మనిషికి ఉండాల్సినంత వెంట్రుకలున్నాయి.

మెట్లెక్కుతూంటే పైనుంచి జనం గోల వినిపించింది. మనోళ్ళు ఇంతమంది ఉన్నారా అని ఒక్క నిమిషం గర్వపడినాను. లోపల వరసగా కూర్చున్నవాళ్ళ ఒళ్ళో మిక్సీలు, కుక్కర్లు, ఒక ఫ్యాను రెక్క, విత్తనాల సంచి. మా నలుగురు డెవలపర్లూ లాప్‌టాప్ సంచులు పట్టుకుని వెనకగోడకు అతుక్కుపోయి ఉన్నారు. కింద మండపం యజమాని ఎవరితోనో గట్టిగా చెప్తున్నాడు, "గొర్రెను పైకి తీసకపోయేదానికి లేదప్పా!"

గొర్రెను కిందనే ఒక బైకుకు కట్టేసి దాని మనిషి పైకి వచ్చినాడు. ఎర్ర తువ్వాలు తలకు చుట్టుకున్న పెద్దాయన. నేరుగా నా దగ్గరికి వచ్చినాడు.

"ఏమ్మా, సంఘం అధ్యక్షురాలు నువ్వేనా?"

"అధ్యక్షురాలు కాదు. నేను మాట్లాడేదానికి వచ్చినాను."

"అదే. సూడి గొర్రె అని చెప్పి నాకు అంటగట్టినాడు. ఎన్ని నెల్లయినా ఈనదే! మాట్లాడు మరి."

నేను మైకు తీసుకుని, హిందూపురం బజారులో కిరాణా అంగడాయన కూతుర్నని మొదలుపెట్టి, అందరికీ వివరంగా చెప్పినాను. ఫ్లెక్సీలో పొరపాటు జరిగింది, ఇది ఆ సంఘం కాదు, కంప్యూటరు భాష వాడేవాళ్ళం కలుసుకునే చోటు, మన్నించండి అన్నాను. ఎవ్వరూ కదల్లేదు. ముందు వరసలో మిక్సీని పసిబిడ్డలా పట్టుకున్న ఒక అవ్వ నాకు ధైర్యం చెప్పినట్లుగా అంది:

"నువ్వు అది వాడతావు. నేను మిక్సీ వాడతాను. ఇద్దరమూ వాడేవాళ్ళమే గదమ్మా. ఎండలో వచ్చిండాం. చెప్పు."

స్నేహితుడు నా చెవిలో, "స్లైడ్లు ఉండాయి గదా, చెప్పేయ్," అన్నాడు. ప్రొజెక్టరు ఆన్ చేసినాడు. గోడ మీద "అన్నము పారవేయరాదు" అని పెయింటుతో రాసి ఉంది. నా మొదటి స్లైడు దాని మీదనే పడింది.

ఇంక చేసేదేమీ లేక ప్రసంగం మొదలుపెట్టినాను. తెలుగులో ఆ మాటలు చెప్పడం నాకదే మొదలు. తప్పు జరిగినప్పుడు దాన్ని లోపల్లోపలే మింగేయకూడదన్నాను. చప్పట్లు. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడ సరిచేసే దారి లేకుంటే, దాన్ని పైకి పంపాలన్నాను.

"పైకి అంటే యాడికి? కలెక్టరు దగ్గరికా?" అని విత్తనాల సంచి మనిషి లేచినాడు.

"పైన ఎవరుంటే వాళ్ళ దగ్గరికి. వాళ్ళూ పట్టుకోకపోతే ఇంకా పైకి."

"చివరికి ఎవరూ పట్టుకోకపోతే?"

"ప్రోగ్రాము మొత్తం పడిపోతుంది."

హాలంతా తృప్తిగా గొణిగింది. పడిపోవాల్సిందే అన్నాడెవరో. మా ధర్మవరం డెవలపరు ఒకతను వెనకనుంచి చెయ్యెత్తి ఏదో మంచి సాంకేతిక ప్రశ్న అడగబోయినాడు. పక్కన కుక్కరు పట్టుకున్నాయన, "వరసలో రా అబ్బా," అని కూర్చోబెట్టినాడు.

చివరి స్లైడు మళ్ళీ ప్రయత్నించడం గురించి. అవతలి సర్వరు పలకకపోతే ఊపిరి తిప్పుకోనీకుండా అడగకూడదు, కాసేపు ఆగి అడగాల, అప్పటికీ పలకకపోతే దానికి రెట్టింపు సేపు ఆగి అడగాల, ఆ తర్వాత దానికీ రెట్టింపు. కోపం లేదు, గొడవ లేదు, ఆగడం, అడగడం. ముందు వరస అవ్వ పెదాలు కదుపుతూ అదంతా అప్పజెప్పుకున్నట్లు నాకు కనిపించింది, కానీ పట్టించుకోలేదు.

గొర్రె సంగతి మాత్రం అక్కడే తెగిపోయింది. అమ్మిన మనిషి కూడా హాల్లోనే ఉన్నాడు. కాలిపోయిన మోటరు గురించి ఫిర్యాదు చేసేదానికి మూడో వరసలో కూర్చున్నాడు. టీ తాగేటప్పుడు ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ కిందికి దిగి గొర్రె చుట్టూ తిరిగి, దాని కడుపు చెరోవైపు నొక్కి చూసి, చివరికి మోటరు అమ్మినవాణ్ణి ఇద్దరూ కలిసి తిట్టుకుంటూ వెళ్ళిపోయినారు. గొర్రె ఎవరితో పోయిందో నేను చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం నేను పైన పనిలో ఉంటే కింద అంగట్లో గొంతులు లేచినాయి. దిగి చూస్తే మా బజారులోని అంగళ్ళవాళ్ళంతా నాయన చుట్టూ ఉన్నారు. అందరికంటే ముందు మిక్సీల అంగడాయన. మనిషి వాడిపోయి ఉన్నాడు.

"ఏమప్పా, నీ కూతురు మన మీదికే సంఘం పెట్టిందంట?"

"సంఘమేంది? ఆమె కంప్యూటరు పని చేసుకుంటాది," అన్నాడు నాయన.

"పెనుకొండ నుంచి ఒక ముసలామె మిక్సీ ఎత్తుకుని వచ్చె. మార్చీమనె. కుదరదంటి. సరేనని పోయి మెట్ల మీద కూర్చునె. కాసేపటికి లేసి వచ్చి మళ్ళా అడిగె. కుదరదంటి. పోయి కూర్చునె. ఈసారి ఎక్కువసేపు. తిడితే నేనూ తిడుదును. తిట్టదే! నవ్వుతాది, కూర్చుంటాది. ఎప్పుడు లేస్తుందో తెలీదు. బేరాలు చూసుకుంటా ఉన్నా నా పానమంతా ఆ మెట్ల మీదనే. భోజనానికి పోలేకపోతిని. సాయంత్రానికి కొత్త మిక్సీ ఇచ్చి దండం పెట్టినా. యాడ నేర్చుకుంటివమ్మా ఇది అంటే, కిరాణా అంగడాయన కూతురు స్లైడు వేసి చూపించిందనె."

నాయన నా వైపు చూసినాడు. "అమ్మేవాణ్ణి పిలవరంటివే. వాని మీదికి మనుషుల్ని పంపుతారని చెప్పకపోతివే."

సర్వర్ల గురించి చెప్పినానని అంటే మిక్సీల ఆయన, "నేనెవరికీ సర్వరును కాదమ్మా, అంగడి ఓనర్ని," అని నొచ్చుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు బజారులో నాయనకు చిల్లర మార్చిచ్చేవాళ్ళు కూడా లేకపోయినారు.

మెట్ల మీద కూర్చునే పద్ధతి రైలెక్కి ధర్మవరం దాకా పోయింది. చీరల అంగళ్ళకు రంగు దిగిన చీరలు పట్టుకుని ఆడవాళ్ళు వస్తున్నారంట. అడుగుతున్నారంట, మెట్ల మీద కూర్చుంటున్నారంట. అక్కడి అంగళ్ళవాళ్ళు నాయనకు ఫోన్ చేసి, రోగం అంటించిన పాపే మందు కూడా చెప్పల్ల, పిలుచుకుని రమ్మన్నారు. నాయన నన్నడక్కుండానే ఒప్పుకున్నాడు.

"నాకు వ్యాపారం గురించి ఏం తెలుసు నాయనా?"

"సర్వరుకు ఇట్లా జరిగితే ఏం చేస్తారో అది చెప్పు. మనోళ్ళ ముఖం నేను చూడల్ల గదా."

విచిత్రంగా, దానికీ నా దగ్గర ప్రసంగం ఉంది. ఒకేసారి ఎక్కువమంది వచ్చి పడితే సర్వరు ఎట్లా తట్టుకోవాల అని పుణెలో చెప్పిందే. ఆ స్లైడ్లే పెట్టుకుని ఆ మరుసటి ఆదివారం బయల్దేరినాం. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మా నలుగురు డెవలపర్లకూ చెప్తే, ఈసారైనా మాట్లాడుకోవచ్చని వాళ్ళూ వచ్చినారు.

ధర్మవరంలో ఒక చీరల అంగడి మేడ మీద, కొనేవాళ్ళకు చీరలు పరిచి చూపించే తెల్లటి పరుపుల మీద అందరూ బాసీపట్లు వేసుకుని కూర్చున్నారు. నాకు శాలువ కప్పినారు. నాయనకూ కప్పినారు. నేను మొదలుపెట్టినాను. ఎక్కువమంది వస్తే తలుపు మూయకూడదు, ఇప్పుడు కాదు, ఫలానా సమయానికి రండి అని మర్యాదగా చెప్పాల, చెప్పిన సమయానికి వాళ్ళ పని చేసి పంపాల అన్నాను.

వెనక దిండుకు ఆనుకున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "చెప్పిన టయానికి చేసి పంపితే వాళ్ళు మళ్ళా ఎందుకొస్తారు?"

"రారు."

"అయితే ఇంక మందెక్కడుండాది?"

"అదే మందు."

ఒకాయన దిగులుగా అడిగినాడు, "కంప్యూటర్లో కూడా ఇంతేనా?"

"ఇంతే."

"ఇంత చదివి, పుణె దాకా పోయి, ఇదేనా?"

నాకు నిజంగానే సిగ్గేసింది. నాయన నా తరఫున ఏదో అనబోయి, శాలువ సర్దుకుని ఊరుకున్నాడు. చివరికి పెద్దాయనే లేచి, "పోనీలే, పాప తప్పేముండాది, భోంచేద్దాం రండి," అన్నాడు. బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు బ్రహ్మాండంగా ఉన్నాయి. రంగు దిగిన చీరలు ఆ వారంలోనే మార్చి ఇచ్చినారని తర్వాత తెలిసింది. నా మాట విని కాదు, మెట్ల మీద జాగా లేక.

సాయంత్రం ధర్మవరం స్టేషన్లో మా ప్యాసింజరు ఆలస్యం. ప్లాట్‌ఫారం చివర చీరల మూటలు పేర్చి ఉన్నాయి. స్నేహితుడు ఒక మూట మీద తన లాప్‌టాప్ తెరిచి పెట్టి, "ఇప్పుడు చెప్పు, అసలుది," అన్నాడు. నలుగురూ చుట్టూ నిలబడినారు. నేను ఇంగ్లీషూ తెలుగూ కలిపి, వేగంగా, ఎవరికీ దేనికీ జవాబుదారీ లేకుండా చెప్పుకుంటూ పోయినాను. ఎన్ని ఊళ్ళు తిరిగినా అంత హాయిగా ఎక్కడా మాట్లాడలేదు. తెర వెలుగు చూసి జనం మూగినారు. ఒకాయన నాయననడిగినాడు, "ఏం అమ్ముతాండారప్పా?"

"ఏమీ లేదప్పా. చదువుకున్న పిల్లోళ్ళు. వాళ్ళకది సంతోషం," అన్నాడు నాయన, నాలుగడుగులు వెనక్కి జరిగి వాళ్ళకు జాగా ఇస్తూ.

బండి వచ్చింది. ధర్మవరం వాళ్ళు ఆగిపోయినారు, మేము ముగ్గురం ఎక్కినాం. నాయనకు కిటికీ పక్కన సీటు దొరికింది, కూర్చోగానే నిద్రపోయినాడు. నేనూ స్నేహితుడూ తలుపు దగ్గర నిలబడి ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం. పెనుకొండలో అతను దిగి, ప్లాట్‌ఫారం మీద నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి గట్టిగా ఒక ప్రశ్న అడిగినాడు. చాలా మంచి ప్రశ్న. నేను జవాబు అరుస్తూ ఉండగానే బండి కదిలింది. సగం అతనికి వినపడిందో లేదో. మిగిలిన సగం హిందూపురం చేరేలోపు ఫోన్లో టైపు చేసి పంపినాను.