గద్దతో ముచ్చట్లాడిన రేడియో

ఎనభైల మొదట్లో నేను హనుమకొండలో డిగ్రీ చదువుతూ, ఆదివారాలు మామునూరు మైదానంలో గ్లైడర్ నడపడం నేర్చుకునేదాన్ని. గ్లైడర్‌కు ఇంజను ఉండదు. నేల మీది యంత్రం పొడవాటి ఇనుప తాడుతో లాగి గాలిలోకి ఎత్తుతుంది. తాడు వదిలేశాక అంతా గాలి దయే. పైకి వెళ్లినవాళ్లతో కింది నుంచి మాట్లాడే దారి లేదు. దిగే చోటికి గేదెలు వస్తే ఎర్రగుడ్డ ఊపేవాళ్లం. ఒకసారి ఆ గుడ్డనే ఒక గేదె నమిలేసింది. కాక్‌పిట్‌లో రేడియో ఉండాల్సిందేనని మాకు నేర్పే సారు ఆ రోజే తేల్చేశారు.

సారు కోస్తా నుంచి వచ్చిన రిటైర్డ్ మిలిటరీ మనిషి. ఆయన నోట మాట రావడం గగనం. "ఊఁ" అంటే బాగుందని, "ఊహూఁ" అంటే మళ్లీ చెయ్యమని మేం అర్థం చేసుకునేవాళ్లం.

రేడియో కొనిస్తానన్నది మా మేనమామ. వరంగల్ బజారులో బట్టల దుకాణం ఆయనది, మా క్లబ్బుకు పెద్ద కూడా ఆయనే. సికింద్రాబాద్ నుంచి రెండు రకాల సెట్లు తెప్పించి, పట్టుచీరలు చూసినట్టు వెలుతురులో పట్టుకుని, వేలితో రుద్ది, తిరగేసి చూశాడు. ఒకటి చేత్తో పట్టుకునేది, మాట్లాడినంతసేపు బటన్ నొక్కి ఉంచాలి. రెండోది కాక్‌పిట్‌లో బిగించే పెట్టె. దాని స్విచ్చి పైకి నెడితే మన మాట కిందివాళ్లకు వినపడుతుంది, కిందికి దించితే వాళ్ల మాట మనకు వినపడుతుంది.

నాకు చేతి సెట్టే నచ్చింది. ఆ మాటే అన్నాను.

"నీకు దోస్తులతోని ముచ్చట్లకు గావాలె, నాకు తెల్వదా బిడ్డా?" అన్నాడు మామయ్య. "ఒక చెయ్యి రేడియోకే పోతే బండి ఎవలు నడుపుతరు? పెట్టెదే మంచిగున్నది. ఏమంటరు సారూ?"

"ఊఁ" అన్నారు సారు.

తర్వాతి ఆదివారం పెట్టెను పరీక్షకని బిగించుకుని సారు ఒక్కరే పైకి వెళ్లారు. కింద దాని జోడీ సెట్టు దగ్గర నేను, మామయ్య, తాడు యంత్రం నడిపే అన్న నిలబడ్డాం. "వినపడుతోందా?" అని సారు గొంతు వచ్చింది.

"మంచిగ వినవడుతాంది సారూ!" అని అరిచాడు మామయ్య.

ఆ మాట పైకి చేరనే లేదు. సారు స్విచ్చి కిందికి దించడం మరిచిపోయారు. కాసేపటికి అదే గొంతు, ఎంతో ముద్దుగా, "రావే తల్లీ, ఎటు పోతున్నావు? నన్నూ తీసుకుపో" అంది.

యంత్రం అన్న బిత్తరపోయాడు. "పైన ఎవలన్న ఆడమనిషి ఉన్నదా?"

తలెత్తి చూస్తే గ్లైడర్ పక్కనే ఒక గద్ద గిరికీలు కొడుతోంది. వేడిగాలి లేచే చోటు గద్దలకు బాగా తెలుసు. దాని వెంట పోతే గ్లైడరూ పైకి లేస్తుంది. సారు ఆ గద్దను బతిమాలుతున్నారు.

తర్వాత సారు మాటల్లో నా వంతు వచ్చింది. "మన షావుకారు గారి మేనకోడలు దిగుతుంటే లారీ మీంచి మిరపకాయల బస్తా పడేసినట్టుంటుంది. కానీ ధైర్యం ఉందే పిల్లకి!"

మామయ్య పడీ పడీ నవ్వాడు.

"ఇక షావుకారు గారు. తననూ ఎక్కించమంటారు. ఆ పొట్టకు వేరే గ్లైడర్ చేయించాలి."

యంత్రం అన్న అటు తిరిగి నిలబడ్డాడు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. మామయ్య మైకు లాక్కుని, "సారూ! అన్ని వినవడుతానయ్! జర బంద్ చెయ్యుండ్రి!" అని మొత్తుకున్నాడు. నేను రెండు చేతులూ ఊపాను.

"అదిగో, చేతులూపుతున్నారు. పాపం, ఎంత సంబరమో" అంటూ సారు మాకోసం గ్లైడర్ రెక్కలు ఊపారు.

దిగాక, "రేడియో ఎలా ఉంది?" అని అడిగారు.

"ఒక్క ముక్క గూడ పోలే సారూ" అన్నాడు మామయ్య, నవ్వకుండా. "గద్దతోని మొదలువెట్టి నా పొట్టదాక అన్ని విన్నం."

సారు స్విచ్చి వైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "చేతి సెట్టే తీసుకుందామండీ" అన్నారు గొంతు తగ్గించి.

"ఊహూఁ" అన్నాడు మామయ్య. "మీరు గింత మంచిగ మాట్లాడుతరని నాకు గియ్యాల్నే ఎరుకైంది. గిదే కొంటాన."

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి పెట్టె రేడియోనే కొన్నారు. కాకపోతే, చెయ్యి తీయగానే స్విచ్చి దానంతటదే కిందికి పడేలా సారు ఒక స్ప్రింగు పెట్టించారు.

ఆ తర్వాత మామయ్య ఒక్క ఆదివారం కూడా మానలేదు. కింద సెట్టు ముందు కుర్చీ వేసుకుని, "ఏం కనవడుతాంది సారూ?" అని అడిగేవాడు. నర్సంపేట రోడ్డు మీద వరుసగా వస్తున్న పత్తి లారీల గురించి, పాలకుర్తి వైపు కమ్ముకుంటున్న మబ్బు గురించి సారు పైనుంచి ఓపిగ్గా చెప్పేవారు. తీరా కిందికి దిగాక ఇద్దరూ పక్కపక్కన కూచుని, ఒక్క మాటా లేకుండా చాయ్ తాగేవాళ్లు.