పిండం ముట్టని కాకి

విజయవాడలో మా పక్కింటాయన, మా మునగకొమ్మ తన గోడ మీదికి వాలిందని కాకి గూటితో సహా నరికించాడు. “కాకి గూడేగా అండీ, పిల్లలు కోకిలవై ఉంటాయిలెండి,” అని నవ్వాడు. అప్పటినుంచి వీధిలో ఎందరున్నా ఆ కాకి ఆయన నెత్తినే తన్నేది. నేను లెక్క చూసుకునేవాణ్ణి. ఒక్కసారీ గురి తప్పలేదు.

వాళ్ళ నాన్నగారు పోయాక డాబా మీద పిండం పెట్టారు. కాకి మా గోడ మీద కూర్చుని అరిచిందే గాని దిగలేదు. పోయినాయనకు తీరని కోరికేదో ఉందన్నారు చుట్టాలు.

“అక్కతో మాట్లాడతా నాన్నా, సిగరెట్లు మానేస్తా నాన్నా,” అని ఆయన మొక్కుతూనే ఉన్నాడు. తనివితీరా విని, ఎండ ముదిరాక చెప్పాను: “అది మీ నాన్నగారి కోరిక కాదండీ, కాకి కోపం. మీరు లోపలికెళ్ళండి.”

ఆయన తలుపు వెనక్కి వెళ్ళగానే కాకి దిగి పిండం తిన్నది. మర్నాడు వీధిలో మళ్ళీ ఆయన నెత్తినే తన్నింది.