వాసన లేని గ్యాసు

“లచ్చిమీ, గ్యాసు వాసన ఏమన్నా వస్తా ఉండాదా?”

“ఏమీ లేదయ్యా.”

“అయితే షట్టరు దించేసి పో. జల్లు లోపలికి కొడతా ఉండాది.”

మా ఆయనా నేనూ ఆఖరున మాట్లాడుకున్నది ఇంతే.

కుందలహళ్ళిలో మాది చిన్న ఫ్రిజ్జు రిపేరీ అంగడి. కరోనా వచ్చి పోయినాక ఆయనకు వాసన తెలీకుండా పోయింది. అప్పటినుంచి ఏది లీకైనా నన్నే పిలిచేవాడు. “నా ముక్కు నీ దగ్గరుండాదే” అని నవ్వేవాడు.

పోయిన వానాకాలంలో పక్కనుండే బ్రూక్‌ఫీల్డ్ నుంచి సారొకాయన పాత చిన్న ఫ్రిజ్జు తెచ్చినాడు. దాంట్లో బీరు పీపా పెట్టి, పైన కొళాయి బిగించి, బీరు పొంగేదానికి గ్యాసు సిలిండరు తగిలించాల. “మనకు నీళ్ళకే ట్యాంకరు రావాల, వాళ్ళకు బీరుకు కొళాయంట చూడే!” అన్నాడు మా ఆయన.

ఆ పొద్దు సిలిండరు తగిలించినాకనే నన్ను వాసన అడిగి, షట్టరు దించమన్నాడు. కొంచేపటికి నేను టీ తెచ్చి షట్టరు ఎత్తినా. ఫ్రిజ్జులోకి తల పెట్టి పనిలో ఉండాడనుకున్నా. “టీ చల్లారిపోతా ఉండాది, లెయ్యయ్యా” అని భుజం పట్టుకుంటే పక్కకు ఒరిగిపోయినాడు. రేకుల మీద వాన చప్పుడులో సిలిండరు బుస్సుమనేది నాకు అప్పుడు వినబడింది.

ఆ గ్యాసుకు వాసనే ఉండదని, మూసిన గదిలో మనిషికి ఊపిరాడనియ్యదని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. నా ముక్కు ఆయనకు అబద్ధం చెప్పలేదు. అయినా దాన్ని నమ్మే పోయినాడు. వాసన రాలేదని మీరెవరూ తలుపులు మూసుకోవద్దండి.

నాకు సంతకం తప్ప రాదు. నేను చెప్తా ఉంటే మా చెల్లెలి కూతురు రాస్తా ఉండాది. భవానీ, మొదట్లో ఆయన నన్ను అడిగిన మాట ఉండాదే, అది ఒకసారి చదివి వినిపించు తల్లీ.