చీపురుపుల్లల సైన్యం

మనవరాలు బల్ల మీద వేలెడంత సైనికుల బొమ్మలు పేర్చి, పొడుగు ఈటెలవాళ్లు, తుపాకులవాళ్లు కలిసి చేసే పాతకాలపు యుద్ధం నాకు నేర్పబోయింది. నాకా! చిన్నప్పుడు జమ్మలమడుగులో మా పంచలోనే గండికోటను ముట్టడించినోళ్లం కదా! అప్పుడు నాతో ఆడినోళ్లకు గుర్తుండాలే. పెన్న బంకమట్టి బొమ్మకు చీపురుపుల్ల గుచ్చితే ఈటె, అగ్గిపుల్ల గుచ్చితే తుపాకి. ఎవరు చచ్చిందీ గవ్వలేసి తేల్చేది.

ఆపొద్దు మా మేనమామ కొడుకు సుబ్బరాయుడు, "ఓడితే మళ్లా ఆటకు రావద్దు మ్మే" అన్నాడు. నా తుపాకులు ఒకసారి పేలినాయి. మళ్లీ మందు కూరడానికి ఒక వంతు ఆగాలని నియమం. అదే సందని తన ఆరు మట్టిగుర్రాలనూ నా తుపాకులోళ్ల మీదికి తోలినాడు. నా వంతు రాగానే చీపురుపుల్లలోళ్లను అడ్డంగా ముందుకు తోసినా. పొడుగు పుల్లదే తొలిదెబ్బ. గవ్వలేస్తే ఆరుకు ఆరూ వెల్లకిలా! గుర్రమొక్కటీ మిగల్లేదు.

బావ పడిన గుర్రాలు ఏరుకుంటా, "రేపు నా పక్కకు రామ్మే" అన్నాడు.

"వస్తా. సేనాపతి నేనే."

ఒప్పుకున్నాడు. గుర్రాల్లేనోడు ఇంకేం చేస్తాడు, పాపం!