రాజమణక్క పద్యాల బడి

మొన్న ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు వస్తుంటే, బస్సులో నా వెనక సీటులో ఒకామె చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సన్నగా రాగం తీస్తోంది. బస్సు గతుకుల్లో ఊగుతోంది, కిటికీ అద్దాలు గడగడలాడుతున్నాయి, కండక్టరు ఎవరితోనో చిల్లర గురించి వాదిస్తున్నాడు. ఆమె అవేవీ పట్టించుకోలేదు. రాగాన్ని పైకి తీసుకెళ్లి, అక్కడ కాసేపు నిలిపి, ఇంకా దింపకముందే మెత్తగా ఊపిరి తీసుకుని, అదే ఎత్తు నుంచి మళ్లీ అందుకుంది. పద్యం పాడేవాళ్లు ఎవరూ అక్కడ ఊపిరి తీసుకోరు. అలా తీసుకోమని నేర్పిన మనిషి నాకు తెలిసి ఒక్కరే. వెనక్కి తిరిగి చూశాను. తెలియని ముఖం. పలకరించబోయి ఊరుకున్నాను. పాఠంలో ఉన్న మనిషిని కదిలించడం రాజమణక్కకు నచ్చేది కాదు.

రాజమణక్క పౌరాణిక నాటకాల్లో నటి. వయసులో ఉన్నప్పుడు రాణి వేషాలు కట్టింది, మగవేషం వెయ్యాల్సిన వాడు రాకపోతే ఆ కిరీటమూ పెట్టుకుంది. కలిగిరి, కలువాయి, చేజర్ల చుట్టుపక్కల తిరునాళ్లలో ఆమె పద్యం వినని ఊరు ఉండేది కాదంటారు. స్టేజీ మీద చూసినవాళ్లు ఆమెను నిలువెత్తు మనిషి అనుకునేవారు. నిజానికి పొట్టిది. మగవాళ్ల చేతి గడియారం పెట్టుకునేది, బుగ్గన ఎప్పుడూ చిన్న శొంఠి ముక్క ఉండేది, ఉదయగిరి కొండ కింది వీధిలో ఎవరో తరుముతున్నట్టు వేగంగా నడిచేది.

ఆమె నా దగ్గరికి వచ్చేనాటికి అరవై దాటాయి. ఆత్మకూరులో నేను ఒక్కదాన్నే నడిపే చిన్న కంప్యూటర్ సెంటర్ ఉంది. దరఖాస్తులు నింపడం, పెళ్లి పత్రికలు వెయ్యడం, అడిగినవాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి తన ఫోను నా బల్ల మీద పెట్టింది.

"ఇది ఊపిరాడక చస్తా ఉండాది. దీన్ని ఖాళీ చెయ్యి. అయితే ఒక్క గొంతు గూడా పోగూడదు."

ఫోను నిండా గొంతులే. కరోనా రోజుల్లో నాటకాలు ఆగిపోయినప్పుడు ఎవరో ఒకరు పద్యం నేర్పమని ఫోను చేశారట. ఆ ఒక్కరూ ఇంకొకరికి చెప్పారు. అలా పెరిగి పెరిగి, ఆమె పాడి పంపినవీ, శిష్యులు పాడి పంపినవీ ఒకదానిమీద ఒకటి పేరుకుపోయాయి. ఎవరు ఏ పాఠంలో ఉన్నారో ఆమెకే తెలియకుండా పోయింది. కొందరు కోడి కూయకముందే ఫోను చేస్తారు, కొందరు సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడు చేస్తారు. ఫీజు కొందరు పంపుతారు, కొందరు మరిచిపోతారు. మరిచిపోయినవాళ్లకు గుర్తు చెయ్యవచ్చు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అడగడం నా వల్ల కాదు మేయ్. వయసంతా నాటకాల కాంట్రాక్టర్ల ముందర చెయ్యి చాపి నిలబడినా. పాడేది ఎంతసేపో, ఆ డబ్బులకోసం నిలబడేది అంతకు మించి. ఆ నిలబడటం ఇంక నా కాళ్లకి రాదు."

అప్పుడు చెప్పాను, సభ్యత్వాలు నడపడానికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుందని. మీకంటూ ఒక వెబ్‌సైటు పెడితే, చేరేవాళ్లు ముందే చందా కట్టి లోపలికి వస్తారు. గడువు దగ్గర పడితే గుర్తు చెయ్యడం దాని పని. మొదటి పాఠం పాడి పంపిన తరువాతే రెండో పాఠం తెరుచుకుంటుంది. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో చెబుతుంది. వాళ్లు పాడినది మీరు తప్ప ఇంకొకరు వినలేరు. మీకు వీలైనప్పుడు మీరు వింటారు, వాళ్లకు వీలైనప్పుడు వాళ్లు నేర్చుకుంటారు.

ఆమె అన్నీ వింది గానీ, ఆమె మనసు ఒక్కచోటే ఆగిపోయింది. "డబ్బులు అదే అడుగుతాదా? నేను మొగం చూపించే పని లేదా?" అంది. లేదన్నాను. ఆమె నా కంప్యూటర్ తెర వైపు, గర్భగుడి ముందు నిలబడినట్టు చూసింది. నేను రోజూ తిట్టుకుంటూ పనిచేసే ఆ పెట్టెను ఒక మనిషి అలా చూడగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

పాఠాలు రికార్డు చెయ్యడానికి మైకు పట్టుకుని ఉదయగిరి వెళ్లాను. అప్పటికి ఆమె పాట నేనెన్నడూ దగ్గరగా వినలేదు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది, శొంఠి ముక్క తీసి పక్కన పెట్టింది, కళ్లు మూసుకుంది. హార్మోనియం లేదు, శృతిపెట్టె లేదు. మోహన రాగం ఎత్తుకుంది. ఆ చిన్న గది గోడలు వెనక్కి జరిగినట్టు తోచింది. వీధిలో కేకేస్తూ పోతున్న ఉల్లిపాయల బండి ఆగిపోయింది. అంత పొట్టి శరీరంలో అంత గొంతు ఎక్కడ దాక్కుందో తెలియలేదు. పద్యం అయిపోయాక ఆమె కళ్లు తెరిచి, పడిందా అని అడిగింది. నేను బటన్ నొక్కనే లేదు. ఆమె నా ముఖం చూసి అర్థం చేసుకుని, నీళ్లు తాగి, మళ్లీ మొదటి నుంచీ పాడింది.

వెబ్‌సైటు మొదలయ్యాక ఆమె పెట్టిన నియమాలు నాకు విచిత్రంగా ఉండేవి. సభ్యత్వం మానుకునే బటన్ ఎక్కడో అడుగున పెడితే ఒప్పుకోలేదు. పోయేవాళ్లకు కూడా వాకిలి కనపడాలి, అప్పుడే వాళ్లకు మళ్లీ రాబుద్ధి అవుతుంది అనేది. కోతలకో నాట్లకో పోయి పాడలేనివాళ్ల కోసం సభ్యత్వాన్ని కొన్నాళ్లు ఆపి ఉంచే ఏర్పాటు పెట్టించింది. ఒకసారి ఒకే సభ్యత్వంతో రెండు ఫోన్లలో పాఠాలు వింటున్నారని సాఫ్ట్‌వేర్ నాకు చూపింది. కలిగిరి దగ్గర ఒక ఇల్లు. మూసేద్దామా అని అడిగాను. ముందు అడిగి చూడమంది. ఫోను చేస్తే, వాళ్లు తోడికోడళ్లు. గొర్రెలు మేపుకునే కుటుంబం. పెద్దామె మందతో పోతే చిన్నామె ఇంట్లో నేర్చుకుంటుంది, చిన్నామె పోతే పెద్దామె. తప్పయితే మానుకుంటామని ఏడ్చినంత పని చేశారు. రాజమణక్క పకపకా నవ్వి, ఒక ఇంట్లో ఇద్దరికి కలిపి వేరే సభ్యత్వం పెట్టమంది. పెట్టవచ్చా అని నన్ను అడిగింది. సాఫ్ట్‌వేర్‌లో దానికీ ఏర్పాటు ఉంది. ఆ సాయంత్రమే ఆమె ఇద్దరు కలిసి పాడే పద్యం ఒకటి వాళ్ల కోసం రికార్డు చేసింది, రెండు గొంతులూ తనే అయి.

వేసవిలో ఒకరోజు మా ఊరికి వెళ్లాను. చేజర్లకు దగ్గరే. మాది వ్యవసాయ కుటుంబం. మా నాయన ఊరి పెద్దల్లో ఒకరు, నాటకాల పిచ్చి ఉన్న మనిషి. ఇంటి ముందు ఎవరూ లేరు. పెరట్లో గేదెల కొట్టం వైపు నుంచి పద్యం వినిపించింది. రేడియో అనుకున్నాను. దగ్గరికి వెళితే మా అమ్మ. గడ్డి వేస్తూ, చీరకొంగు కింద ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గేదె వీపు మీద చెయ్యి వేసి పాడుతోంది. ఊపిరి సరిగ్గా అక్కడే తీసుకుంది.

నేను పుట్టి పెరిగిన ఇంట్లో మా అమ్మ పాడగా నేను ఎన్నడూ వినలేదు. లాలిపాట కూడా మా అవ్వే పాడేది. అక్కడే నిలబడిపోయాను. పద్యం అయ్యాక ఆమె నన్ను చూసి, దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు ఇయర్‌ఫోన్లు లాగేసింది. పెళ్లికి ముందు పాడేదట. అత్తగారింట్లో ఒకసారి కూనిరాగం తీస్తే, నాటకాలామెలా ఏంది అది అన్నారట. అప్పటితో మానేసింది. ఇప్పుడు పాల డబ్బులతో, వేరే పేరుతో, నేను తయారుచేసిన వెబ్‌సైటులోనే చేరింది. సభ్యులు పాడి పంపినవి నాకు వినపడకుండా ఏర్పాటు చేసింది నేనే గనక నాకు తెలిసే దారి లేదు. రాజమణక్కకు మాత్రం అంతా తెలుసట. మొదట్లోనే అమ్మ ఆమెకు చెప్పుకుందట.

"మీ నాయనకి చెప్పబాక" అంది అమ్మ.

చెప్పలేదు. చెప్పింది అమ్మే, కొన్నాళ్లకు, రాజమణక్కను ఇంటికి భోజనానికి పిలవాలని పట్టుబట్టి. ఎందుకని నాయన అడిగితే, ఆమె నాకు గురువు అంది. నాయన ఆ మాట విని, కండువా దులుపుకుని చేనికి పోయాడట.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఒకప్పుడు మా ఊరి తిరునాళ్లకు ఆమె నాటకాన్ని చాలాసార్లు కట్టించింది మా నాయనే. ఆమె పద్యానికి ఒన్స్‌మోర్ కొట్టించిందీ ఆయనే. ఆ తరువాత నాటకం వాళ్లకు విస్తర్లు వేయించింది మాత్రం గడ్డివాము పక్కన. ఊరి పద్ధతి అది. ఎవరికీ తప్పుగా తోచలేదు, అందరి ఇళ్లకు ఆమె పద్యం కావాలి, ఆమె మాత్రం అక్కర్లేదు.

ఆమె వచ్చిన రోజు నేనూ ఉన్నాను. గేటు దాటి, చెప్పులు విడిచి, పాత అలవాటు కొద్దీ వసారాలోనే ఒక పక్కగా కూర్చుంది. చేతిసంచి పక్కన పెట్టుకుంది. అమ్మ లోపలికి రమ్మంటే, ఇక్కడ గాలి బాగుందిలే అంది. నాయన లోపలి నుంచి వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆయన వంగి ఆమె చేతిసంచి అందుకుని, దాన్ని పట్టుకుని నడింట్లోకి నడిచాడు. సంచి పోయాక ఆమె మాత్రం ఏం చేస్తుంది, లేచి వెనకే వెళ్లింది. గడప దగ్గర ఒక క్షణం ఆగి, కుడికాలు లోపల పెట్టింది.

భోజనాలయ్యాక రాజమణక్క అమ్మను పాడమంది. అమ్మ నాయన వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి పాడింది. మొదట గొంతు చిక్కుకుంది, తరువాత తెరుచుకుంది. నాయన పీట మీద కదలకుండా కూర్చున్నాడు. ఊళ్లకు ఊళ్లు తిరిగి రాత్రంతా పద్యాలు విన్న మనిషి, తన ఇంట్లో ఇన్నేళ్లుగా ఉన్న గొంతును అప్పుడే మొదటిసారి విన్నాడు. పద్యం అయ్యాక ఆయనే అన్నాడు.

"నీకీ గొంతు ఉండాదని నాకెవురూ చెప్పలేదే."

"నువ్వు అడగలే" అంది అమ్మ, ఇంకా గోడ వైపే చూస్తూ.

రాజమణక్క అమ్మ చెయ్యి పట్టుకుని, ఇంకొక్కసారి పాడమంది.

ఆ తరువాత ఆమె ఎక్కువ కాలం లేదు. ఊపిరితిత్తుల జబ్బు. రాగం నిలపడం కష్టమైంది, తరువాత మాట్లాడటమే కష్టమైంది. వెబ్‌సైటు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. ఎప్పుడో రికార్డు చేసి పెట్టిన పాఠాలు ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లకు తెరుచుకున్నాయి. గడువులు గుర్తు చేసే సందేశాలు వెళ్లాయి, చందాలు వచ్చాయి, ఆమె మందులకు ఎవరి ముందూ నిలబడే అవసరం రాలేదు. పాడలేని నటికి పాత రోజుల్లో పూట గడవడం ఎలా ఉండేదో నాకు ఆమే చెప్పి ఉంది గనక, నెలనెలా మౌనంగా జరిగిపోయే ఆ పని నాకు మహిమలాగే కనపడేది. బాగా పాడే సభ్యులకు, కొత్తవాళ్ల పాటలు విని దిద్దే అనుమతి ఇవ్వమని ఆమె చెప్పింది. వాళ్లలో అమ్మ ఒకతె, కలిగిరి తోడికోడళ్లు ఇద్దరూ.

తను మాత్రం వినడం మానలేదు. ఒకనాటి పొద్దున నేను పక్కన కూర్చుని, ఆమె ఫోనులో శిష్యుల పాటలు ఒక్కొక్కటే వినిపిస్తున్నాను. ఒకతని పాట మరీ దారుణంగా ఉంది. శృతి లేదు, మాటలు మింగేస్తున్నాడు. ఆమెకు ఆయాసం ఎందుకని ఆపబోయాను. ఆమె నా వేళ్ల మీద చెయ్యి వేసింది.

"ఆపబాక. కడదాకా పాడనీ. ఆయన్ని ఇంతవరకూ ఎవురూ కడదాకా విని ఉండరు."

పూర్తిగా విన్నాం. ఆఖరి పాదం అతను బాగానే పాడాడు. ఆ ఆఖరి పాదం గురించే ఆమె జవాబు చెప్పించింది, మిగతాది వచ్చే పాఠంలో చూసుకుందామంది. ఆ మనిషి ఇప్పటికీ సభ్యుడే.

ఆమె పోయినప్పుడు వెబ్‌సైటు మూసేయాలా అని అనుకున్నాను. అందరికీ సంగతి తెలియజేసి, మానుకోదలచినవాళ్ల చందా తిరిగి ఇస్తామని రాశాను. కొందరు మానుకున్నారు. ఎక్కువమంది ఆ వారం తమ వంతు పాఠం పాడి పంపారు. దిద్దేవాళ్లు కూర్చుని విన్నారు. మూసే అధికారం నాది కాదని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా సెంటర్‌కు రకరకాల మనుషులు వస్తారు. పింఛను ఆగిపోయిన ముసలాయన తన గోడు మొదటి నుంచీ మొదలుపెడతాడు. సమస్య ఎక్కడుందో నాకు రెండో మాటకే తెలిసిపోతుంది. ఒకప్పుడైతే మధ్యలోనే అందుకుని, ఆధార్ ఇవ్వండి అనేదాన్ని. ఇప్పుడు కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంటాను. ఆయన కొడుకు సంగతీ, ఎండిన బోరు సంగతీ అన్నీ చెప్పి, ఆయనంతట ఆయన ఆగేదాకా కూర్చుంటాను. వెనక వరుసలో జనం విసుక్కుంటారు. విసుక్కోనీ. వాళ్ల వంతు వచ్చినప్పుడు వాళ్లదీ కడదాకా వింటాను.