కాల్‌మన్ రాని ఇల్లు

ఆమోసన్న మా ఇంటి మనిషి కాదు. కానీ ఏడేళ్లు మా వరండాలోనే పడుకున్నాడు. బెంగాల్‌లోని మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. కాలనీ అవతల ఝపటాపూర్‌లో ఎర్ర సిమెంటు మెట్ల సొంతిల్లు, పడక మాత్రం గంగాభవాని వరండాలో అని నవ్వుకునేవాళ్లు. గంగాభవాని అంటే నేనే. నవ్వినవాళ్ల నోళ్లు మూయించిందీ నేనే, ఆమోసన్నను తిట్టిందీ నేనే.

ఆయన గూడ్సు గార్డు. బండి చివర బ్రేక్‌వ్యానులో ఒక్కడే కూర్చుని టాటానగర్ దాకానో భద్రక్ దాకానో పోయే ఉద్యోగం. డ్రైవరుకైనా పక్కన అసిస్టెంటు ఉంటాడు, గార్డుకి మాట్లాడడానికి నరమానవుడు ఉండడు. ఆయనా, భార్య సూసన్నా, ఒక్కగానొక్క కూతురు స్వర్ణకుమారీ మొదట్లో రైల్వేవాళ్లు మా ఆయనకిచ్చిన క్వార్టరు పక్కదాంట్లోనే ఉండేవాళ్లు. ఆ పక్క సూసన్న వదిన పోపు వేస్తే ఈ పక్క నాకు తుమ్ములొచ్చేవి.

ఎనభై అయిదులో ఆయనకు సొంతింటి పిచ్చి పట్టింది. రిటైరైన రోజున క్వార్టరు ఖాళీ చేసి ఎక్కడికి పోతామని బెంగ. స్థలం కాగితాలు బ్యాంకులో తాకట్టు పెట్టి, అప్పు తీసి, ఝపటాపూర్‌లో ఇల్లు కట్టాడు. క్వార్టరు వదిలేస్తే జీతంలో ఇంటద్దె కలుస్తుంది, అది అప్పుకు సరిపోతుందని వదిలేశాడు. అంతవరకు బాగానే ఉంది. రెండేళ్లకు స్వర్ణ డాక్టరు చదువుతానంది. బెంగాల్ ఎంట్రన్సు లిస్టులో సీటు కొద్దిలో పోయింది. ఆంధ్రాకి వెళ్తే మీరు నాన్‌లోకల్ అన్నారు. ఇక్కడేమో మనం మద్రాసీలం, అక్కడ నాన్‌లోకల్. చివరికి కర్ణాటకలో డబ్బు కట్టే కాలేజీలో సీటు దొరికింది. ఏటేటా ఫీజు. తాకట్టులో ఉన్న ఇంటి మీద మళ్లీ అప్పు పుట్టదు. వదిన మెడలో గొలుసు మొదటి ఏడాదికే పోయింది.

ఇక మిగిలింది మైలేజీ. బండితో తిరిగిన దూరాన్ని బట్టి గార్డులకు జీతం మీద ఇచ్చే డబ్బు అది. ఎంత తిరిగితే అంత. అయితే గూడ్సుకు టైంటేబుల్ ఉండదు. బండి తయారైనప్పుడు కాల్‌మన్ సైకిలు మీద గార్డు ఇంటికొచ్చి పిలుస్తాడు. మనిషి దొరక్కపోతే ఆ బండి ఇంకొకరికి పోతుంది. ఆ కాల్‌మన్ సెటిల్‌మెంటు దాటి రాడు. ఝపటాపూర్ అతని హద్దులో లేదు. అప్పటిదాకా ఆమోసన్నే స్టేషనుకి వెళ్లి తన వంతు బండి కనుక్కునేవాడు. ఇప్పుడు తన వంతు ఒక్కటీ చాలదు, సెలవు పెట్టినవాళ్ల వంతులు కూడా కావాలి.

అలా ఒక మడతమంచం పట్టుకుని మా వరండాలోకి వచ్చాడు.

“పాప సదువయ్యేదాకా ఇక్కడ పడుంటానమ్మా. తవిటయ్యకి ఈ అడ్రసే సెప్పినాను,” అన్నాడు. తవిటయ్య అంటే కాల్‌మన్.

“మరి వదినో?”

“దానికేటి, రాజాలాంటి ఇల్లు కట్టిచ్చినాను గదా.”

ఎవరికి జ్వరమొచ్చినా, దుర్గాపూజకి ఎవరు సెలవు పెట్టినా తవిటయ్య మా గేటు దగ్గరికే వచ్చేవాడు. సైకిలు దిగకుండా ఒకటే మాట: “గార్డుబాబూ, కాల్.” ఒళ్లు తెలియకుండా నిద్రపోతున్న మనిషి ఆ మాటకి లేచి కూర్చుని, కళ్లు తెరవకముందే “ఏ బండి?” అనేవాడు. నేను ఇత్తడి బిందె కింద పడేసినా లేచేవాడు కాదు.

వదిన మధ్యాహ్నాలు క్యారియరు పట్టుకుని నడిచొచ్చేది. ఆవిడ వచ్చేసరికి ఆయన బండి మీదైనా ఉంటాడు, నోరు తెరుచుకుని నిద్రలోనైనా ఉంటాడు. లేపమంటే లేపేది కాదు. “అలిసిపోనాడు, పడుకోనీ,” అని మెట్టు మీద కూర్చుని, చుట్టపుచూపుగా వచ్చినట్టు నేనిచ్చిన టీ తాగి, ఆయన కాళ్ల మీద దుప్పటి సర్ది వెళ్లిపోయేది. మొగుణ్ణి చూడడానికి పరాయి ఇంటికి వచ్చే ఆడదాన్ని ఆవిడనొక్కదాన్నే చూశాను.

ఒక క్రిస్మస్‌కి నేనే ఝపటాపూర్ వెళ్లాను. ఎవరి వంతు బండో ఎక్కి ఆమోసన్న వెళ్లిపోయాడు. స్వర్ణకి పరీక్షలు. వదిన అరిసెలు చేసి పళ్లెంలో పెట్టింది, తినడానికి నేనొక్కదాన్నే. పొద్దు వాలకముందే వీధి తలుపు, నడిమి తలుపు, పెరటి తలుపు గడియలు పెట్టుకుంటూ వచ్చింది.

“ఇంత తొందరేటి వదినా?”

“బయవేస్తాది భవానీ. క్వార్టర్లో అయితే గోడవతల మీ ఆయన దగ్గయినా ఇనబడీది. ఇక్కడ నా అడుగులే నాకినబడతాయి. ఆయనొచ్చి మళ్లీ ఈ ఇంట్లో నిద్దరోతే సాలు. నాకింకేటీ వొద్దు.”

 మర్నాడు ఆమోసన్న బండి దిగి రాగానే దులిపేశాను. తల వంచుకుని అంతా విన్నాడు. “అప్పు తీరనీమ్మా. పాప డాక్టరవనీ. అప్పుడు ఆ ఇంట్లోంచి నన్నెవుడూ కదపలేడు,” అన్నాడు.

తొంభై మూడులో స్వర్ణ డాక్టరై ఒరిస్సాలో ఒక మిషన్ ఆసుపత్రిలో చేరింది. మరుసటేడు ఆయన రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బుతో అప్పు తీరింది, ఇంటి కాగితాలు తిరిగొచ్చాయి. మెడలో పూలదండతో రిక్షా ఎక్కించి ఝపటాపూర్ పంపాం. మడతమంచం మా వరండాలోనే ఉండిపోయింది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం చూద్దును కదా, ఆ మంచం మీద ఆమోసన్న. వెల్లకిలా పడుకుని గేటు వైపు చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇంకా ఏటి మిగిలిందన్నా ఇక్కడ?”

“గదిలో నిద్దరట్టట్లేదమ్మా. ఎవుడో పిలుత్తాడని సెవి గుమ్మం మీదే ఉంటాది. అక్కడికి ఎవుడూ రాడు.”

నేను టీ పెట్టుకొచ్చేసరికి గురక పెడుతున్నాడు.

సాయంత్రం వదిన వచ్చింది. చేతిలో క్యారియరు లేదు. “ఏమయ్యా,” అని పిలిచింది. కదల్లేదు. భుజం తట్టింది. అయినా కదల్లేదు. “తవిటయ్య వొస్తే గానీ లెగడులే,” అన్నాను కసిగా. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, మెట్లు దిగి, గేటు అవతలికి వెళ్లి నిలబడింది. ఎన్నడూ గొంతెత్తి మాట్లాడని మనిషి.

“గార్డుబాబూ, కాల్,” అంది.

లేచి కూర్చున్నాడు. కాళ్లు చెప్పుల కోసం వెతుకుతున్నాయి. “ఏ బండి?”

“ఝపటాపూర్‌దే.”

నవ్వుతుందేమోనని చూశాను. ఏడుస్తోంది. ఆయన కళ్లు పూర్తిగా తెరిచి, గేటు పట్టుకుని నిలబడ్డ ఆవిడను చూశాడు.  మంచం మడిచి భుజాన వేసుకుని ఆవిడ వెనక నడిచాడు.

కొన్నాళ్లకు వెళ్లి చూశాను. ఆ మంచం వాళ్ల ఇంటి వరండాలో వేసి ఉంది. గదిలో ఇంకా నిద్ర పట్టడం లేదట. ఆయన నిద్రలో ఉన్నాడు. వదిన పడక లోపల గుమ్మానికి ఆనించి ఉంది. చీకటి పడింది. వీధి తలుపు బార్లా తెరిచే ఉంది.

“తలుపెయ్యవేటి వదినా, దోమలొస్తాయి,” అన్నాను.

“రానీ,” అంది.